మేస్త్రి అన్న మాట

పోయిన వారం చంద్రకళను ఎక్కడ వదిలిపెట్టామో పాఠకులకు గుర్తుండే ఉంటుంది. కామాటిపుర తొమ్మిదో గల్లీలో, తను పుట్టి పెరిగిన ఒంటిగది ఖోలీలోనే, చుట్టపుచూపుగా వచ్చినదానిలా గోడకు ఆనించి కూర్చోబెట్టి వచ్చేశాం. ఆ పిల్ల ఇంకా అక్కడే ఉంది.

మధ్యలో వచ్చి చేరినవాళ్ల కోసం సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. చంద్రకళ దుర్గయ్య మేస్త్రి కూతురు. వాళ్ల ముత్తాత పాలమూరు వైపు నుంచి బొంబాయికి ఇటుకలు పేర్చడానికి వచ్చాడు. తాత అదే పని చేశాడు, తండ్రి అదే చేస్తున్నాడు. ఈ పిల్ల ఒక్కతే కాలేజీ మెట్లెక్కింది. సాయంత్రం క్లాసుల్లో ఫ్రెంచి నేర్చుకుందామని వెళితే సీట్లు నిండిపోయాయన్నారు. పక్క గదిలో స్పానిష్ చెబుతున్నారు, బెంచీలు ఖాళీగా ఉన్నాయి, పోయి కూర్చుంది. ఫ్రెంచి దొరకలేదన్న కోపం కొద్దీ చదివిందో ఏమో, ఆ భాష ఆమెకు ఇట్టే పట్టుబడింది. రత్నాకర్ విద్యానిధి అనే ట్రస్టువాళ్లు ఇంటర్వ్యూ చేసి, రెండేళ్లు చదువుకు రమ్మని దక్షిణ అమెరికాలోని బొగోటా మహానగరానికి పంపించారు. మొదటి ఏడు మంచి మార్కులతో గట్టెక్కింది. సెలవులివ్వగానే ట్రస్టు నుంచి టికెట్టు వచ్చింది, దాంతోపాటే ఒక పిడుగూ వచ్చింది. "నీ తండ్రి టీచరని మాతో అబద్ధమాడావు. వచ్చి జవాబు చెప్పు" అన్నారు. తిరుగు టికెట్టు ట్రస్టు పెద్ద ప్రధాన్‌బాయి హ్యాండ్‌బ్యాగులో ఉంది. ఫిబ్రవరిలో అక్కడ క్లాసులు మొదలవుతాయి. జవాబు నచ్చితే టికెట్టు బ్యాగులోంచి బయటికొస్తుంది. నచ్చకపోతే చదువు నడిమిట్లో ఆగిపోతుంది.

ఇది చాలదన్నట్టు దుర్గయ్య కూతురితో మాట్లాడటం మానేశాడు. ఆమె దిగిన రోజు ఎయిర్‌పోర్టుకు రాలేదు. ఇంటికొచ్చాక బాగున్నావా అని అడగలేదు. ఏదైనా చెప్పాల్సి వస్తే భార్య తారాబాయికి చెబుతాడు. "దానికి చాయ్ పొయ్" అంటాడు. "దాన్ని అన్నం తినుమను" అంటాడు. ఉన్నది ఒక్కటే ఖోలీ. ఎంత మెల్లగా మాట్లాడినా అందరికీ వినబడుతుంది. అయినా తారాబాయి ఆ మాటను మోసుకెళ్లి కూతురికి మళ్లీ మొదటినుంచి చెబుతుంది. మేస్త్రి మొండితనం ఖోలీలు వరసగా ఉన్న ఆ చాళ్‌లో అందరికీ తెలిసిందే. కూతురికి అదే వచ్చిందని మాత్రం ఈ ఆదివారం దాకా ఎవరికీ తెలియదు.

ఆ ఆదివారం పొద్దున్న ప్రధాన్‌బాయి స్వయంగా విచారణకు వస్తోంది.

ఇలాంటప్పుడు శంకర్రావు ఊరుకుంటాడా? ఆయన అక్కడి తెలుగు సమాజానికి అధ్యక్షుడు, రేవులో గుమాస్తా. రేషన్ కార్డు నుంచి కుళాయి తగాదా దాకా ఏదొచ్చినా ఆయన చెయ్యి పడాల్సిందే. తెల్లవారకముందే ఒక పథకం వేసుకుని వచ్చాడు.

"దుర్గన్నా, గీ ఒక్క దినం నువ్వు మాస్టర్‌వి. మన సమాజంల సాయంత్రం బడి నడుపుతున్నవ్, పోరగాండ్లకు తెలుగు నేర్పుతున్నవ్. ఎవడొచ్చి చూస్తడు?" అన్నాడు.

"నాకు దస్కత్ పెట్టుడే కష్టమైతది."

"నిన్నెవరు రాయుమన్నరు? కుర్సీల కూసో, తలకాయ ఊపు. మాట్లాడేది నేను." అని తన జేబులోని పెన్ను తీసి, తారాబాయి ఇస్త్రీ చేయించి పెట్టిన తెల్లచొక్కా జేబుకు తగిలించాడు. నాలుగడుగులు వెనక్కి వేసి, గోడకు వేలాడుతున్న ఆ చొక్కాను చూసి తనే మెచ్చుకున్నాడు.

దుర్గయ్య స్నానం చేసి వచ్చాడు. తెల్లచొక్కా వైపు చూడనైనా చూడకుండా, నిన్న పనిలోకి వేసుకుపోయిన చొక్కానే తీసి తొడుక్కున్నాడు. భుజం మీద సున్నం మరకలు, చేతుల చివర గట్టిపడ్డ సిమెంటు. ఆదివారం పూట, ఇంటికి పెద్దమనిషి వస్తున్న పూట, ఇదేం వేషమని తారాబాయి నెత్తి కొట్టుకుంది. శంకర్రావు బతిమాలాడు, కోప్పడ్డాడు. మేస్త్రి కిటికీ దగ్గరికి పోయి గల్లీలోకి చూస్తూ కూర్చున్నాడు.

చంద్రకళ ఆ చొక్కానే చూస్తూ కూర్చుంది. ఏడాదిగా దాచుకున్న కబుర్లన్నీ ఆ మనిషికే చెప్పుకోవాలి. ఆయన మొహం ఇటు తిప్పడు. టికెట్టు గురించి బెంగ ఉంది, లేదని నేననను. కానీ ఆ బెంగ దీని ముందు దిగదుడుపే.

ప్రధాన్‌బాయి చెప్పిన వేళకే వచ్చింది. ఒకప్పుడు దాదర్‌లో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన మనిషి. నేత చీర, నెరిసిన ముడి. కామాటిపుర అనగానే, సానివాడగా దానికున్న పేరు తలచి టాక్సీవాడు అద్దంలోంచి ఆమెను ఎగాదిగా చూసి, లోపలికి రానని ఫోరస్ రోడ్డు మూలన దింపేశాడట. ఆమె పట్టించుకోకుండా గల్లీల నంబర్లు చదువుకుంటూ నడిచి వచ్చింది. మెట్ల మీద పిల్లలను పక్కకు తప్పించి పైకొచ్చి, ఖోలీలో ఉన్న ఒకే ఒక్క కుర్చీలో కూర్చుని, ఇచ్చిన చాయ్ వంక పెట్టకుండా తాగింది. మిల్లుల సమ్మె ఏడాదిగా నడుస్తోంది కనక చాళ్‌లో మగవాళ్లందరూ ఇంటి పట్టునే ఉన్నారు. గుమ్మం ముందు వరండా అంతా మనుషులే.

శంకర్రావు మొదలుపెట్టాడు. మరాఠీలో, సభల్లో మాట్లాడే మరాఠీలో. దుర్గయ్య మాస్టరు సేవ గురించి, సాయంత్రం బడి గురించి, మాతృభాష గురించి చెప్పుకుపోతున్నాడు. ప్రధాన్‌బాయి చూపు మాత్రం దుర్గయ్య భుజం మీది సున్నం మరకల మీదనే ఉంది.

"మాస్టారూ, బడిలో ఇప్పుడు ఏ పాఠం నడుస్తోంది?" అని అడిగింది.

దుర్గయ్య కిటికీలోంచి చూపు మరల్చలేదు.

"ఆయనకు మరాఠీ అంతగా రాదండీ" అన్నాడు శంకర్రావు. బొంబాయిలో పుట్టి, యాభై దాటిన మనిషికి మరాఠీ రాదట. వరండాలో ఎవరో నవ్వాపుకోలేక దగ్గారు.

చంద్రకళ లేచి నిలబడింది. "కాకా, ఇగ చాలు" అని, ప్రధాన్‌బాయి వైపు తిరిగి మరాఠీలో చెప్పింది. "మా నాన్న ఏ బడిలోనూ చెప్పడు. ఎప్పుడూ చెప్పలేదు. ఆయన మేస్త్రి. గోడలు కడతాడు."

"చెడగొట్టినవ్ పోరీ" అని శంకర్రావు గడప మీద కూలబడ్డాడు.

ప్రధాన్‌బాయికి కోపం రాలేదు. పైగా తేలికపడ్డట్టు కనిపించింది. "నిజం చెప్పావు, సంతోషం. ఇక పని సులువు" అంది. "మేస్త్రి కూతురంటే మేం డబ్బివ్వమా? ఇంకా సంతోషంగా ఇచ్చేవాళ్లం. నా బాధ అది కాదు. ఈ గల్లీల నుంచి వచ్చే పిల్లలు ఉద్యోగాల కోసం బొంబే సెంట్రల్ అనో భాయ్‌ఖళా అనో అడ్రసు రాస్తారు. నువ్వు మాత్రం కామాటిపుర అని రాశావు. ఇంటర్వ్యూలో ఒకాయన అడిగితే, మా తాతలు ఈ ఊరు కట్టిన కూలీలు, కామాటీలు, వాళ్ల పేరే ఈ పేటకు వచ్చిందని తలెత్తి చెప్పావు. ఆ రోజే నిన్ను పంపాలని నేను నిర్ణయించుకున్నాను. అలాంటి పిల్ల తండ్రి పనిని దాచిందని తెలిస్తే నాకెలా ఉంటుంది?"

బ్యాగులోంచి ఒక తెల్ల కాగితమూ, పెన్నూ తీసింది. బ్యాగు తెరిచినప్పుడు టికెట్టు నీలం అట్ట అందరికీ కనబడింది.

"కమిటీకి చూపించడానికి ఒక ముక్క కావాలి. నేను చెబుతాను, రాయి. 'నా తండ్రి కూలి పని చేస్తాడని చెప్పుకోవడానికి సిగ్గుపడి, టీచరని చెప్పాను. క్షమించండి.' కింద సంతకం పెట్టు. టికెట్టు ఇప్పుడే ఇచ్చి వెళతాను."

శంకర్రావు ప్రాణం లేచొచ్చింది. "రాయి బిడ్డా, రాసి పడేయి. గంతేనా? నేనింకా ఏమో అనుకున్న" అన్నాడు. వరండాలోంచి కూడా తలా ఒకరు రాయమన్నారు. రాస్తే బాగుండునన్నట్టు తారాబాయి పెన్ను వైపు చూసింది.

చంద్రకళ పెన్ను అందుకుంది. 'నా తండ్రి' దాకా రాసి తల ఎత్తింది. కిటికీ దగ్గర మేస్త్రి మెడ బిగించుకుని కూర్చున్నాడు. ఇది రాస్తే టికెట్టు చేతికొస్తుంది, ఆమె వెళ్లిపోతుంది, ఈ మనిషి మాత్రం బతికినన్నాళ్లూ దీన్నే నమ్ముతాడు. ఇప్పుడే నమ్ముతున్నాడు. అందుకే మాటల్లేవు. ఇన్ని రోజులుగా అర్థం కానిది ఆమెకు ఆ క్షణాన అర్థమైంది.

పెన్ను కింద పెట్టేసింది. "ఇది నేను రాయను."

"ఎందుకు?"

"సిగ్గుపడి అన్న మాట అబద్ధం. కామాటిపుర అని అడ్రసు రాసినదాన్ని, మా నాన్నను దాచిపెడతానా?"

"అయితే టీచరని ఎందుకు చెప్పావు?"

"నేను టీచరని అనలేదు. మీ నాన్న ఏం చేస్తాడని స్పానిష్‌లో అడిగారు. 'మి పాద్రె ఎస్ మాయెస్త్రో', మా నాన్న మాయెస్త్రో అన్నాను. మాయెస్త్రో అంటే మేస్త్రి అనుకునే అన్నాను. మాది బొంబాయి కదా బాయీ, ఇక్కడ మేం వాడే మాటలే ఆ భాషలో బోలెడు ఉన్నాయి. మేజ్‌ను వాళ్లు మెసా అంటారు. అల్మారీని అర్మారియో అంటారు. బాల్టీని బాల్దె అంటారు. ఎప్పుడో పోర్చుగీసు ఓడలవాళ్లు దింపిపోయిన మాటలని మా క్లాసులోనే చెప్పారు. మేస్త్రి కూడా ఆ ఓడలోనే వచ్చింది. నాకు మాట తట్టనప్పుడల్లా చాళ్‌లో మాటనే కొంచెం సాగదీసి అనేదాన్ని. సగంసార్లు సరిపోయేది. ఆ రోజూ అదే చేశాను. మీ పక్కన కూర్చుని ప్రశ్నలు వేసిన స్పానిష్ మేడమ్ మీకు టీచరని అర్థం చెప్పారు. అది నాకు తెలియదు."

ప్రధాన్‌బాయి అంతటితో వదల్లేదు. తప్పు పట్టుకోవడం ఆమెకు ముప్ఫై ఏళ్ల అలవాటు. "సరే, ఆ రోజు తెలియదు. ఏడాది అక్కడ చదివావు. మాయెస్త్రో అంటే ఉపాధ్యాయుడని మొదటి వారంలోనే తెలిసుండాలి. అప్పుడైనా మాకు ఒక ముక్క రాయొచ్చు కదా. మూడో మనిషి వచ్చి చెప్పేదాకా ఎందుకు ఆగావు?"

ఈ ప్రశ్నకు ఏ వంకా పెట్టడానికి లేదు. చంద్రకళ ఎదురు ప్రశ్న వేసింది. "ఆ మూడో మనిషి ఎవరు బాయీ? నా మీద అంత కక్ష ఎవరికి?" అంది.

ప్రధాన్‌బాయి ఆశ్చర్యంగా చూసింది. "మీ ఇంట్లో చెప్పలేదా? మీ నాన్నగారే కదా ఆఫీసుకొచ్చి మా గుమాస్తాతో చెప్పింది."

తారాబాయి చేతిలోని చాయ్ గిన్నె స్టవ్ మీద పెట్టబోయి నేల మీద పెట్టింది. శంకర్రావు గడప మీద నుంచి లేచాడు.

దుర్గయ్య అప్పుడు ఇటు తిరిగాడు. కూతురి వైపు కాదు, భార్య వైపు.

"నేనే పోయిన" అన్నాడు. "ట్రస్టోళ్ల పుస్తకంల దీని ఫోటో వడ్డదని శంకర్రావు సమాజంల అందరికి సదివి చెప్పిండు. టీచర్ దుర్గయ్య కూతురు అని ఉన్నదట. ఇగ పని కోసం నిలవడే నాకా మీద పోతె ఒకటే నవ్వుడు. ఏం మాస్టర్, గోడ మీద లెక్కలు రాస్తున్నవా అంటరు. నేను పని కాడికెల్లి గట్లనే ట్రస్టు ఆఫీసుకు పోయిన. కాళ్లకు సున్నమున్నదని మెట్ల కాడ ఆపిన్రు. ఆడ్నే నిలవడి చెప్పిన. నేను పంతులును గాను, మేస్త్రిని. నా పేరు తప్పు అచ్చేసిన్రు, సరి చెయ్యుండ్రి అన్న. గంతే. దాని సదువు ఖరాబ్ చేద్దామని పోలే."

కాస్త ఆగాడు. ఇంతసేపు మాట్లాడటం ఆయనకు అలవాటు లేదు.

"మా తాత మేస్త్రి. మా బాపు మేస్త్రి. నన్ను మేస్త్రీ అంటె పలుకుత. తెల్సినంక గూడ దానికి బాపు మేస్త్రి అని చెప్పనీకి నోరు రాలేదంటె, ఇగ దానితోని నేనేం మాట్లాడాలె?"

ప్రధాన్‌బాయి ఏమంటున్నాడని శంకర్రావును అడిగింది. ఆయన నోరు విప్పేలోపే చంద్రకళ ఆమె ముందు నుంచి జరిగి, వచ్చి తండ్రి ఎదురుగా నేల మీద చతికిలబడింది. మరాఠీ వదిలేసింది.

"నాయినా, ఇది నీకే చెప్తున్న. ఆ బాయికి గాదు" అంది. "ఆడ నేనుండేది ఒక ముసలామె ఇంట్ల. ఆ ఊర్ల ఎండ తక్కువ, వాన ఎక్కువ. ఊరికి ఒక దిక్కు పెద్ద గుట్టలు. ఎటు చూసినా ఎర్ర ఇటుకల ఇండ్లే. పైన ప్లాస్టర్ కొట్టరు, కట్టింది కట్టినట్టే కనవడుతది. బస్సుల పోతుంటె దినాం నువ్వే యాదికొస్తవు."

దుర్గయ్య చూపు ఆమె మొహం మీదికి రాలేదు గాని, ఆమె చేతుల దాకా వచ్చింది.

"మొదటి వారంలనే పంతులమ్మ బోర్డు మీద రాసింది. మాయెస్త్రో అంటె పంతులు అని. నా పానం పోయినంత పనయ్యింది. అరెరె, నాయిన్ని పంతులని చెప్పొచ్చినా అనుకున్న. ట్రస్టుకు రాసి మాఫీ అడుగుదామని కాయితం ముందలేసుకోని కూసున్న. గంతలనే మంచం మీద టపటపా నీళ్లు. పైకప్పు కారవట్టింది. ముసలామె వచ్చి చూసి, రేపు పొద్దుగాల మాయెస్త్రో వస్తడులే అన్నది."

"పంతులొచ్చి ఏం జేస్తడు?" అంది తారాబాయి.

"నేను గదే అనుకున్ననమ్మా. వానకు బడి లేదు కావచ్చు, ఇంటికే వచ్చి చెప్తడు కావచ్చు అనుకున్న. తెల్లారి లేసి ఖోలీ ఊడ్సిన. పుస్తకాలు సదిరిన. నువ్వు పెట్టెల పెట్టిన పచ్చచీర కట్టుకున్న. గ్రామర్ అప్పజెప్పనీకి తయారుగ కూసున్న."

వరండాలో నవ్వులు మొదలయ్యాయి. చంద్రకళ నవ్వలేదు.

"తలుపు కొట్టిన్రు. పోయి తీసిన. చేతిల తాపీ ఉన్నది నాయినా. భుజానికి సంచి, బూట్ల మీద ఎండిన సిమెంటు. వెనక ఒకాయన ఇసుక బస్త మోసుకొస్తుండు. ముసలామె ఎదురుంగ పోయి, రండి మాయెస్త్రో, కూసోండి మాయెస్త్రో అన్నది. ముందుగాల కాఫీ ఇచ్చి, అటెన్క కారే పైకప్పు చూయించింది. ఆ ఊర్ల గోడ కట్టెటాయిన పేరు గదే. పంతులుకు గా పేరే, మేస్త్రికి గా పేరే. మర్యాదల ఏం ఫరకు లేదు. గాయిన అసలు పేరేందో నాకు ఇప్పటికి తెల్వది. అందరు మాయెస్త్రో అంటరు, పలుకుతడు. నేను పచ్చచీర కట్టుకోని తలుపు కాడ్నే నిలవడి ఏడ్సిన. ఎందుకేడుస్తున్నవని ముసలామె అడిగింది. మా నాయిన గూడ మాయెస్త్రోనే అన్న. ఆ కాయితం చింపేసిన. ఇగ ఏమని రాయాలె ట్రస్టుకు? ఏం తప్పు చెప్పినని మాఫీ అడగాలె?"

దుర్గయ్య మీసం సవరించుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. తర్వాత తారాబాయి వైపు చూశాడు.

"ఏమే, కారుడు బందైందా అడుగు."

"కారుడు బందైందా బిడ్డా?" అంది తారాబాయి, కళ్లు తుడుచుకుంటూ.

"అప్పటికైతె అయ్యింది. నేనొచ్చే ముందు మల్ల మొదలైంది."

"గదే అనుకున్న" అన్నాడు మేస్త్రి కిటికీతో. వరండాలో ఈసారి నవ్వు ఆగలేదు.

శంకర్రావు ఆ కథంతా ప్రధాన్‌బాయికి మరాఠీలో చెప్పాడు. ఎక్కడా తన ముక్క కలపకుండా చెప్పాడు, అది ఆయన జీవితంలో ఒక వింత. పచ్చచీర దగ్గర ఆమె కూడా నవ్వింది. తర్వాత కళ్లజోడు తీసి తుడుచుకుని, ఆ కాగితాన్ని మళ్లీ ముందుకు జరిపింది.

"నేను నమ్ముతున్నాను" అంది. "కాని కమిటీలో నేను ఒక్కదాన్నే కాదు. ఇలాంటి గల్లీలకు డబ్బివ్వొద్దని మొదటినుంచీ అంటున్నవాళ్లున్నారు. వాళ్ల నోరు మూయించాలంటే నా చేతిలో ఏదో ఒకటి ఉండాలి. సిగ్గుపడి అన్న మాట తీసేద్దాం. 'పొరపాటున టీచరని చెప్పాను, క్షమించండి.' అంతే. పొరపాటే కదమ్మా?"

న్యాయంగానే ఉంది. వరండా అంతా న్యాయంగానే ఉందంది. శంకర్రావు చేతులు జోడించాడు. "ఓ పోరీ, పొరపాటు అంటె ఏం పోతది? దినాం వంద మాట్ల అంటం" అన్నాడు. చంద్రకళ కూడా ఆలోచించింది. ఆలోచించలేదంటే నమ్మకండి. ఆమె కళ్ల ముందు ఆ క్లాసు గది, తను కూర్చునే బెంచీ, పూర్తి చేయాల్సిన ఏడాది మెదిలాయి. ఇంటర్వ్యూలో ఆ మాట అన్నప్పుడు తనకు తెలిసింది సగమే. ఆ లెక్కన పొరపాటే. రాయొచ్చు.

కానీ ఆ కాగితం ట్రస్టు ఫైల్లో ఉండిపోతుంది. మేస్త్రిని మాయెస్త్రో అనడం పొరపాటని, ఆయన కూతురి చేతిరాతతోనే.

"నేను టీచరని చెప్పలేదు, మీరు అలా విన్నారు" అంది. "మీ పుస్తకంలో తప్పు అచ్చయింది. అది దిద్దించండి. మేస్త్రి దుర్గయ్య కూతురు అని వేయించండి. నా వైపు నుంచి దిద్దడానికి ఏమీ లేదు."

"ఇది మొండితనం."

"అవును బాయీ."

ప్రధాన్‌బాయి ఆఖరి ప్రయత్నంగా దుర్గయ్య వైపు తిరిగింది. ఆయనకు మరాఠీ రాదన్న మాట గుర్తొచ్చిందేమో, శంకర్రావును చూసి, "మీరైనా ఆయనకు చెప్పండి. ఆయన మాటైతే వింటుంది" అంది.

దుర్గయ్య లేచాడు. నిలబడితే ఆ ఖోలీ చిన్నదనిపిస్తుంది. ఆయన నోట చక్కటి మరాఠీ వచ్చింది, బొంబాయి పనుల మీద నలభై ఏళ్లు మాట్లాడిన మరాఠీ.

"నా బిడ్డ రాయదు" అన్నాడు. "తప్పు చేయనిది మాఫీ ఎందుకు అడుగుతుంది? టికెట్టు మీది, తీసుకుపోండి. బిడ్డ నాది."

ప్రధాన్‌బాయి ఆయనను, ఆయన చొక్కాను ఒకసారి పరీక్షగా చూసింది. కాగితం మడిచింది. బ్యాగులో పెట్టి మూసింది. లోపల నీలం అట్ట మాయమైంది. "శనివారం కమిటీ కూర్చుంటుంది. అప్పటిదాకా టికెట్టు నా దగ్గరే ఉంచుతాను. ఆ తర్వాత నా చేతుల్లో ఉండదు" అని, గుమ్మం దాకా వెళ్లి, తారాబాయితో చాయ్ బాగుందని చెప్పి మెట్లు దిగిపోయింది. వరండాలోవాళ్లు దారిచ్చారు.

ఆమె చెప్పుల చప్పుడు ఆగేదాకా ఓపిక పట్టి, శంకర్రావు విరుచుకుపడ్డాడు. "తండ్రి అట్ల, బిడ్డ అట్ల. ఒక్క మాటకు చేతికొచ్చిన టికెట్ వాపస్ పంపిచ్చిన్రు. ఇప్పుడెట్ల పోతది గా ఊరికి? సముద్రం ఈదుకుంట పోతదా?" తన పెన్ను తెల్లచొక్కా జేబుకే ఉండిపోయిందని గుర్తొచ్చి, వెళ్లి లాక్కుని, ఎవరి జవాబూ వినకుండా దిగిపోయాడు. చూసేవాళ్లు కూడా ఒక్కొక్కరే జారుకున్నారు.

చంద్రకళ అక్కడే నేల మీద ఉండిపోయింది. అన్న మాటకు విచారం లేదు. మళ్లీ అడిగినా అదే అంటుంది. కానీ శంకర్రావు కాక అన్నదాంట్లో అబద్ధం లేదు. టికెట్టు లేదు, కొనడానికి దారి లేదు, మధ్యలో ఉన్నది నిజంగానే సముద్రం.

దుర్గయ్య వచ్చి ఆమె ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. తారాబాయి అలవాటు కొద్దీ, ఏం చెప్పాలో చెప్పు, నేను చెబుతానన్నట్టు దగ్గరికి జరిగింది. ఆయన ఆమెను చూడలేదు.

"చంద్రీ" అన్నాడు.

ఆ పిలుపు వినడానికి ఆ పిల్ల సముద్రాలు దాటి వచ్చింది. "ఏంది నాయినా" అంది.

"ఆ ఊర్ల మేస్త్రికి పని దొరుకుతదా?"

నవ్వులాటకు అంటున్నాడేమోనని చంద్రకళ తండ్రి మొహంలోకి చూసింది. దుర్గయ్య నవ్వడం లేదు. జవాబు కోసం చూస్తున్నాడు.